‘పిల్ల ఎదగాలని కోరుకోవడం తప్పా మేడం?’ – పర్లాకిమిడి నుంచి ఒక తల్లి

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి నుంచి ఒకామె ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి తీసేసి విషయం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. భర్తకు బజార్లో ఫ్యాన్సీ షాపు. అమ్మాయి, ఎనిమిదో క్లాసు చదివే అబ్బాయి, అత్తగారు. అమ్మాయి పదో తరగతి దాకా ఊళ్లోనే ఇంగ్లిష్ మీడియంలో, రెండో భాష ఒడియాగా చదివి తొంభై రెండు శాతం తెచ్చుకుంది. గాజువాకలో ఉండే తమ్ముడు ‘ఇక్కడ పెడితే డాక్టరే అక్కా’ అన్నాడు. చీటీ పాడి కొంత, గాజులు కుదువపెట్టి కొంత కట్టి పాపను విశాఖలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో బైపీసీలో చేర్చారు. రెండేళ్లకు మొత్తం మూడున్నర లక్షలు.

ఫస్టియర్ అయింది. వేసవికి పది రోజులు ఇంటికి పంపారు. పాప భుజాల దాకా జుట్టు కత్తిరించుకుని దిగింది. నడుం దాటే జడ. రోజూ దువ్వుకోవడానికి అరగంట పోతుందని హాస్టల్లో ఆడపిల్లలంతా కత్తిరించుకున్నారట. నాయనమ్మ గుమ్మంలోనే కూలబడి ‘ఒలమ్మా, ఎవులికి ఏటైందని పిల్ల జుత్తు కోసీసినార్రా’ అని ఏడ్చిందట. తిరిగి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే పాపకు జ్వరం. దసరాకీ ఇంతే, సంక్రాంతికీ ఇంతే. మొదట్లో పై సెక్షన్లో ఉండేది, ఇప్పుడు మూడో సెక్షన్‌కి దించారు. తండ్రి ‘ఇంకో పది నెలలు పళ్లబిగువున ఓర్చుకుంటే జీవితమంతా సుఖమే’ అంటారు. ‘తెచ్చేసుకుంటే రేపు నన్నెందుకు ఆపేశావమ్మా అంటుందేమో, తెచ్చుకోకపోతే ఏమవుతుందో. పిల్ల ఎదగాలని కోరుకోవడం తప్పా మేడం?’ అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం నాలుగో పేజీలో పదమూడు వారాల టెస్టు మార్కులు తేదీలతో సహా రాశారు. ఫిజిక్స్ ఎక్కడ తగ్గిందో, బోటనీ ఎక్కడ పెరిగిందో అన్నీ. ఐదో పేజీ అడుగున మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంది: ‘రాత్రి పడుకుంటే మళ్లీ లేవకుండా ఉంటే బాగుండు అంటోంది, చిన్నపిల్ల మాటలు లెండి.’ ఆ తర్వాత వెంటనే ఫీజు రెండో వాయిదా గురించి మొదలుపెట్టారు.

మిగతా ఆరు పేజీలకూ జవాబు చెప్తాను. ముందు ఈ వాక్యం సంగతి తేలాలి. ఇవి చిన్నపిల్ల మాటలు కావు. పదహారు, పదిహేడేళ్ల పిల్ల నోట ఈ మాట వచ్చిందంటే అప్పటికే చాలా రాత్రులు లోపల అనుకుని ఉంటుంది. సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?’ అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది తల్లులు భయపడతారు. అలా ఏమీ కాదు. అడిగినవాళ్ల దగ్గర పిల్లలు బరువు దించుకుంటారు. టెలీ మానస్ అని మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416 నంబరుంది, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. ముందు మీరు చేయండి, తర్వాత పాపకు నంబరు ఇవ్వండి. విశాఖలోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, వారం తిరక్కుండానే ఒకసారి డాక్టరుకు చూపించండి. కాలేజీ మార్చడమా మానడమా అన్నది ఆ తర్వాత. పాప అవునంటే మాత్రం ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకండి, డాక్టరు చెప్పేదాకా హాస్టల్ మాట ఎత్తకండి.

ఇప్పుడు మీ ప్రశ్న. తప్పు కాదు. పిల్లలు ఎదగాలనుకునే తల్లిదండ్రుల్ని రాక్షసుల్ని చేసి మాట్లాడటం ఈమధ్య ఫ్యాషనైంది, నాకది నచ్చదు. అలా మాట్లాడేవాళ్లలో చాలామంది తమ పిల్లలకు అన్నీ అమర్చుకున్నాకే మాట్లాడతారు. ఫ్యాన్సీ షాపు మీద ఆరు ప్రాణాలు – మీ ఇంట్లో నలుగురూ, అత్తగారూ, షాపులో పనిచేసే కుర్రాడూ – బతుకుతున్నప్పుడు, కూతురికి జీతం రావాలని కోరుకోవడంలో అత్యాశేం లేదు.

కానీ ఆ కోరిక ఎక్కడినుంచి వచ్చిందో మీరే రాశారు, రాసినట్టు మీకే తెలీదు. మీ మామగారి సంగతి చూడండి. తెలుగు మీడియంలో చదివి, లెక్కల్లో వందకు వంద తెచ్చుకుని, ఒడియా పరీక్ష గట్టెక్కలేక రైసు మిల్లులో గుమాస్తాగా నలభై ఏళ్లు గడిపారని రెండో పేజీలో ఉంది. మీ ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. ఆ రాష్ట్రంలో సర్కారీ కొలువు కావాలంటే ఒడియా చదవడం, రాయడం రావాలి, కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా పాసయ్యుండాలి. ఆయనకు తెలివి లేక కాదు, ఇంట్లో మాట్లాడే భాష ఆఫీసులో చెల్లక ఆగిపోయారు. ఆ బాధ మీ ఆయనకు వచ్చింది. ‘మనం ఇక్కడ ఒడియావాళ్లకి తెలుగోళ్లం, నది దాటితే ఆంధ్రోళ్లకి ఒడిశావాళ్లం, డాక్టరైతే ఎవడూ అడగడు’ అని మీవారు అన్నమాట మీరే రాశారు. పిల్లను డాక్టరు చేయాలన్న పట్టుదల వెనకున్నది డబ్బు ఆశ కన్నా ఎక్కువగా ఈ భయం. ఏ ఊరు వెళ్లినా, ఏ భాషలో అడిగినా కాదనలేని కాగితం ఒకటి పిల్ల చేతిలో ఉండాలి. హైదరాబాద్‌లో పుట్టినవాళ్లకు ఇది అర్థం కాదు. బరంపురంలో పుట్టి పెరిగినదాన్ని, నాకు బాగా అర్థమవుతుంది. మా నాన్న కూడా ఇదే మాట ఇంకో రకంగా అనేవారు.

పర్లాకిమిడి అంటే మనవాళ్లకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. అదే ఊళ్లో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టి, వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషి. ఊళ్లో ఉండి కూడా గొప్పవాళ్లు కావచ్చు అని మీకు చెప్పడానికి ఆయన్ను వాడుకునేదాన్నే. కానీ 1936లో ఊరు ఒడిశాలోకి పోయినప్పుడు డెబ్బై దాటిన వయసులో ఆయన కూడా సామాన్లు సర్దుకుని రాజమండ్రి వెళ్లిపోయారు. కాబట్టి మీ ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను.

ఇక మీ సంగతి. మీ గురించి మీరు రాసుకున్నది మూడు లైన్లే. పదోక్లాసు ఫస్ట్ క్లాసులో పాసయ్యారు, పదిహేడో ఏట పెళ్లైంది, కుట్టు మిషను నేర్చుకున్నారు. ‘నాలా కాకూడదు’ అన్నమాట ఉత్తరంలో ఐదుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. మగపిల్లాడి విషయంలో తల్లి కోరేది ఒకటి, ఆడపిల్ల విషయంలో కోరేది ఇంకొకటి. చేతిలో ఉద్యోగముంటే పెళ్లిచూపుల్లో తలవంచుకుని కూర్చోనక్కర్లేదు, కాపురం కుదరకపోతే బయటికి రాగలదు, పది రూపాయలకు ఎవర్నీ అడగక్కర్లేదు. ఇది నిజం, నేనూ ఒప్పుకుంటాను. ఒక్క చిక్కుంది. మీ పిల్ల ఇప్పటికే మీలా లేదు. ఆమె చేత మీరు పూర్తి చేయించాలనుకుంటున్న చదువు ఆమెది కొంత, మీది కొంత. ఏ వాటా ఎవరిదో ఒక రాత్రి మీరొక్కరూ కూర్చుని తేల్చుకోవాలి.

మీవారి భయానికి మందు, మీ లోటుకు మందు, పాపకు కావాల్సిన భద్రత – ఈ మూడింటినీ ఒకే మాత్రలో పెట్టి మింగించాలని చూస్తున్నారు. ఆ మాత్ర పేరు నీట్. 2024లో ఆ పరీక్ష ఇరవై మూడు లక్షల మందికి పైగా రాశారు. దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు, ఇంచుమించు సగం మాత్రమే ప్రభుత్వ కాలేజీల్లోవి. మీలాంటివాళ్లు ఫీజు కట్టగలిగేవి ఆ సగమే. పాపకు తెలివి లేదని అనడం లేదు. తెలివైన పిల్లలే ఎక్కువమంది బయట మిగిలిపోయే పరీక్ష అది.

ఇంకో సంగతి మీ తమ్ముడు చెప్పాడో లేదో. విశాఖలో ఇంటర్ చదివినంత మాత్రాన ఆంధ్ర సీటుకు పాప లోకల్ కాదు. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. పాపకు లెక్కలోకి వచ్చేవి ఒడిశా రాష్ట్ర కోటా, దేశమంతటికీ ఉండే 15 శాతం ఆలిండియా కోటా. రాష్ట్రం బయట ఇంటర్ చదివినవాళ్లను ఒడిశా కోటాకు ఏ కాగితాలు అడుగుతున్నారో ఈ ఏటి ఓజేఈఈ (ఒడిశా ఉమ్మడి ప్రవేశ పరీక్షల సంస్థ) బ్రోచర్ తెప్పించుకుని చదవండి, తహసీల్దారు ఆఫీసులో రెసిడెంట్ సర్టిఫికెట్‌కి ఇప్పుడే అర్జీ పెట్టండి. పాప ఎక్కడ చదివినా ఈ పని మాత్రం తప్పదు.

ఇప్పుడు ఏం చేయొచ్చో చూద్దాం.

పాపను అక్కడే ఉంచడం ఒకటి. డాక్టరు ఫర్వాలేదంటే, పాప స్వయంగా ఉంటానంటేనే. అప్పుడు మీరు కాలేజీవాళ్లతో మాట్లాడాల్సినవి ఉన్నాయి. మార్కులు తగ్గాయని పిల్లల్ని సెక్షన్లు దించడం మీకు మామూలుగా అనిపించి ఉంటుంది. విశాఖ హాస్టల్లో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులోనే 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. మార్కులను బట్టి పిల్లల్ని వీలైనంతవరకు బ్యాచ్‌లుగా విడదీయొద్దు, వందమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పిల్లలుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను పెట్టాలి అని అందులో ఉంది. ప్రిన్సిపాల్ దగ్గర ఆ మాట మర్యాదగానే, కానీ వినపడేలా అనండి. వారానికోసారి ఫోను, నెలకోసారి ఇంటికి పంపడం అడగండి. ఒప్పుకోకపోతే మీ ప్రశ్నకు సగం జవాబు వాళ్లే చెప్పినట్టు.

ఇరవై ఆరేళ్లు బోటనీ చెప్పాను. ఫిబ్రవరి వచ్చేసరికి ముందు బెంచీ పిల్లల చేతివేళ్లు చూసేదాన్ని. గోళ్లు కొరికి కొరికి చివర్లు ఎర్రగా పచ్చిగా ఉండేవి. అడిగితే చేతులు బల్లకిందకి దాచుకునేవాళ్లు. వాళ్లలో కొందరు డాక్టర్లయ్యారు, ఆ మాట దాచను. కొందరి అమ్మానాన్నలు నాకిప్పటికీ సంతలో ఎదురుపడితే పక్కకు తిరిగిపోతారు, వాళ్ల గురించి ఇంకేం రాయలేను.

మీ తమ్ముడింట్లో పెట్టి డే స్కాలర్‌గా పంపడం రెండోది. ఇంటి కూడు దొరుకుతుంది, రాత్రి మాట్లాడే మనిషి ఉంటారు. కానీ మీ మరదలిని ఎవరైనా అడిగారా? రెండు గదుల ఇల్లు, వాళ్లబ్బాయికీ ఇదే ఏడు పరీక్షలు. ‘మా తమ్ముడు కాదనడు’ అని మీరు రాశారు. వంట చేసేది తమ్ముడు కాదు కదా. ఇది కుదరాలంటే నెలనెలా ఇంత అని డబ్బు మరదలి చేతికే ఇచ్చేట్టు ముందే మాట్లాడుకోండి. మొహమాటపడి వదిలేస్తే పాప అక్కడ అతిథిలా, తర్వాత బరువులా తయారవుతుంది.

మూడోది మీరు ఉత్తరంలో ఎక్కడా ఆలోచించలేదు, నాకు ఆశ్చర్యమేసింది. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలో పాతపట్నం. అక్కడ జూనియర్ కాలేజీ ఉంది. పాప ఇప్పటికే ఆంధ్ర ఇంటర్ బోర్డులో ఫస్టియర్ రాసింది. ఒడిశా ప్లస్ టూలోకి మధ్యలో మారడం కష్టం, ఏడాది పోవచ్చు. పాతపట్నమైతే అదే బోర్డు. టీసీ తీసుకుని సెకండియర్‌కి అడగొచ్చు. ఇంట్లో పడుకుని, నాయనమ్మ చేత తలకు నూనె రాయించుకుని, ఆటోలో వెళ్లొస్తుంది. నష్టాలూ ఉన్నాయి. లెక్చరర్లు తక్కువుండొచ్చు, రోజూ టెస్టులుండవు, నీట్ మొదటిసారి రాకపోవడానికే అవకాశం ఎక్కువ. అయితే ఆ పరీక్ష ఇన్నిసార్లే రాయాలన్న హద్దు లేదు. పాప మనసు కుదుటపడి, తనకే కావాలనిపిస్తే ఇంటర్ తర్వాత ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటుంది. అప్పటికి పద్దెనిమిది నిండుతాయి, తన మాటకు ఇంకాస్త విలువుంటుంది.

నాలుగోది, నీట్ అన్నమాటే పక్కనపెట్టడం. బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే కాదని మీవారికి ఎవరో ఒకరు చెప్పాలి, నేనే చెప్తున్నాను. బీఎస్సీ నర్సింగ్, ఫార్మసీ, అగ్రికల్చర్ ఉన్నాయి. భువనేశ్వర్‌లో 1962 నుంచి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. మీ ఊళ్లోనే సెంచూరియన్ యూనివర్సిటీలో బీఎస్సీ అగ్రికల్చర్ చెప్తారు, ప్రైవేటు కాబట్టి ఫీజు చూసుకోవాలి. పైగా మీ మామగారికి లేనిది పాపకు ఉంది. పదోక్లాసులో ఒడియా పాసైంది. తాతగారి ముఖాన మూసుకుపోయిన తలుపు మనవరాలికి తెరిచే ఉంది. డాక్టరు పట్టా లేకుండానే ఆ ఊళ్లో ఆమె దర్జాగా ఉద్యోగం చేయొచ్చు. మీ ఆయన ముప్పై ఏళ్ల భయం సగం అక్కడే తీరిపోయింది, ఆయన గమనించలేదు.

ఈ నాలుగింటిలో నా మనసు మూడోదాని వైపుంది, దాచడం ఎందుకు. కానీ పాపను అడక్కుండా తెచ్చేసుకుంటే అదీ అక్కడ పడేసినట్టే అవుతుంది. కొందరు పిల్లలు బయటికి రావడాన్ని ఓటమి అనుకుని ఇంట్లో కూర్చుని ఇంకా కుమిలిపోతారు.

డబ్బు సంగతి. కట్టింది పోతుందే అని మీరు పేజీన్నర రాశారు. 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు పెట్టింది, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు వెనక్కివ్వాలని అందులో ఉంది. మీది జూనియర్ కాలేజీ పేరుతో నడుస్తోంది కాబట్టి అది తమకు వర్తించదని వాళ్లు అనొచ్చు. అయినా కాగితం మీద అడగండి, హాస్టల్, మెస్ డబ్బులైనా కొంత రావచ్చు. రెండో వాయిదా మాత్రం నిర్ణయం అయ్యేదాకా కట్టకండి. ఫస్టియర్‌కి కట్టింది ఖర్చైపోయింది, పాప అక్కడ ఇంకో పది నెలలు ఉన్నా అది తిరిగి రాదు. ఫస్టియర్ పాసైంది కదా, దానికి చెల్లిందనుకోండి.

మీవారితో ఎలా మాట్లాడాలో అడిగారు. ‘పిల్ల బాధపడుతోంది’ అంటే ఆయన ‘ఎవరు బాధపడకుండా పైకొచ్చారు’ అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. మామగారి గురించి మొదలుపెట్టండి. మిల్లు నుంచి ఆయన ఇంటికొచ్చి ఏం చేసేవారు, ఏం మాట్లాడేవారు, కొడుకును ఏం చదవమన్నారు? మీవారు మీ ముందు ఎప్పుడూ చెప్పి ఉండరు. చెప్పనివ్వండి. షాపులో గాజులు కొనడానికి వచ్చినవాళ్లు ‘మీ అమ్మాయి ర్యాంకెంత’ అని అడిగితే రేటు చెప్పినట్టు చెప్పాల్సిరావడం ఆయనకూ కష్టంగానే ఉండి ఉంటుంది. ఊరు ఏమనుకుంటుందో అన్నదానికి ముందే ఒక జవాబు తయారుచేసుకోండి: ‘ఒంట్లో బాగుండట్లేదు, పాతపట్నం నుంచి చదువుతోంది.’ అబద్ధం కాదు. వారం అడుగుతారు, తర్వాత ఇంకొకరి పిల్ల దొరుకుతుంది.

చివరగా పాపతో. ఫోన్లో వద్దు. హాస్టల్ ఫోను దగ్గర వెనకాల పదిమంది నిలబడి ఉంటారు, ‘బాగున్నానమ్మా’ తప్ప ఏమీ రాదు. ఈ శనివారమే విశాఖ ప్యాసింజర్‌కి మీరొక్కరే వెళ్లండి. అవుటింగ్ అడిగి ఒక రోజు బయటికి తీసుకురండి, బీచ్‌లో కూర్చోండి. నాయనమ్మ చేత జంతికలు చేయించి పట్టుకెళ్లండి. టెస్టు మార్కుల ఊసు ఆ రోజు తేవద్దు, పాపే తెస్తే వినండి. ఆ ఐదో పేజీ మాట అడగండి. ఏం చెప్పినా ఏడవకుండా వినడానికి ప్రయత్నించండి, ఏడుపొస్తే రానివ్వండి. ‘ఎప్పుడు రావాలన్నా ఇంటికి రావచ్చు, నాన్నతో నేను మాట్లాడతాను’ అని ఆమె నమ్మేట్టు చెప్పండి. నాన్నతో ముందే మాట్లాడి వెళ్తేనే నమ్ముతుంది సుమా. డాక్టరు దగ్గరికి సోమవారం ఇద్దరూ కలిసే వెళ్లండి.

వెళ్లొచ్చాక మళ్లీ రాయండి. మార్కులు రాయనక్కర్లేదు.